‘బఫరింగ్’ అన్న పేరు: ఏడో తరగతిలో ఒక వెక్కిరింత కేసు

కౌన్సెలింగ్ చేసే మా దగ్గరికి ఈ కేసు కొట్లాట కేసుగా వచ్చింది. కొట్టినవాడిని దారిలో పెట్టమన్నారు. కొట్టినవాడే ఏడాదికి పైగా వేధింపు పడుతున్నవాడని తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో బడి చేసిన తప్పులు, మేం చేసిన తప్పు కూడా ఇందులో ఉన్నాయి. పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాం.

కేసు ఎలా వచ్చింది

కోస్తాలో ఒక పట్టణం, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడి. ఏడో తరగతి బి సెక్షన్‌లో 41 మంది పిల్లలు. ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర వంశీ (12 ఏళ్ళు) తన స్టీలు వాటర్ బాటిల్‌తో తేజ అనే పిల్లాడిని మొహం మీద కొట్టాడు. తేజ కనుబొమ్మ మీద రెండు కుట్లు పడ్డాయి. బడి వంశీని మూడు రోజులు ఇంటికి పంపి, క్షమాపణ లేఖ రాయించుకుని, ఆ తర్వాత కౌన్సెలింగ్‌కి పంపింది. కాగితం మీద రాసిన కారణం: ‘కోపం అదుపులో లేదు, అడిగితే సమాధానం చెప్పడు.’

ఆ రెండో మాట దగ్గర ఆగాం. వంశీకి నాలుగో ఏటి నుంచి నత్తి ఉంది. ప్రిన్సిపాల్ గదిలో ఐదుగురు పెద్దవాళ్ళ మధ్య నిలబెట్టి ‘ఎందుకు కొట్టావు?’ అని అడిగినప్పుడు ‘వాడు... వాడు...’ దగ్గరే ఆగిపోయాడు. ఆ మౌనాన్ని పొగరు అనుకున్నారు. తేజ మాత్రం గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా తనవైపు నుంచి చెప్పాడు. గట్టిగా మాట్లాడగలిగినవాడి కథే రికార్డులో నిలిచింది.

నేపథ్యం

వంశీ పొడుగరి, లెక్కల్లో మంచి మార్కులు, క్రికెట్‌లో బౌలర్. నత్తి ఎక్కువగా క, ప, త లాంటి అక్షరాలతో మొదలయ్యే మాటల దగ్గర వస్తుంది. ఇంట్లో తమ్ముడితో మాట్లాడేటప్పుడు తక్కువ, బడిలో ఎక్కువ. ‘పొద్దున్న లేస్తే కడుపునొప్పండి, ఆదివారం మాత్రం ఉండదండి’ అంది తల్లి. జూన్ నుంచి ఆగస్టు వరకు 11 రోజులు బడి మానేశాడు.

వస అరగదీసి నాలిక్కి రాశామని, నోట్లో గులకరాళ్ళు పెట్టి చదివించామని నాయనమ్మ చెప్పింది. ఆవిడను తప్పుపట్టలేదు. మనవడి మీద ప్రేమతో చేసిన పని అది. కానీ వస వల్ల నత్తి తగ్గుతుందనడానికి ఆధారం లేదు, గులకరాళ్ళు గొంతుకు అడ్డంపడే ప్రమాదం ఉంది కాబట్టి రెండూ ఆపమన్నాం. నత్తి భయం వల్లో, ఇంకొకరిని చూసి అనుకరించడం వల్లో పుట్టదు. వంశపారంపర్యం, మెదడు మాటను నడిపే తీరు దానికి ప్రధాన కారణాలు. భయం దాన్ని పుట్టించదు గానీ పెంచుతుంది. నూటికి ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక వయసులో కనిపించి చాలామందిలో దానంతట అదే పోతుంది. సుమారు నూటికి ఒకరిలో పెద్దయ్యాకా ఉంటుంది. మగపిల్లల్లో ఎక్కువ. పన్నెండేళ్ళకూ ఉందంటే ‘పెద్దయితే పోతుందిలే’ అని వదిలేయకూడదు. అందుకే జిల్లా ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుకు మొదటి వారంలోనే చూపించమన్నాం.

మొదటి మాటామంతీ

ఎదురెదురు కూర్చుని ‘చెప్పు’ అంటే నత్తి ఉన్న పిల్లాడికి అది ఇంకో పరీక్ష. గ్రౌండ్ చుట్టూ పక్కపక్కన నడిచాం. మాటలు అందించడం, వాక్యం పూర్తిచేయడం, ‘నిదానంగా చెప్పు, ఊపిరి తీసుకో’ అనడం ఏవీ చేయలేదు. ఆ సలహాలు వినీ వినీ విసిగిపోయి ఉంటాడు, వాటివల్ల ఉపయోగమూ లేదు. తర్వాత వాడి టైమ్‌టేబుల్ కాగితం, ఎర్ర పెన్ను ఇచ్చి, బడికి రావాలనిపించని చోటల్లా చుక్క పెట్టమన్నాం. ఉదయం హాజరు, మధ్యాహ్నం హాజరు, ఇంగ్లిష్ పీరియడ్, కుళాయిలు, సాయంత్రం బస్సు దగ్గర చుక్కలు పడ్డాయి. బస్సు దగ్గర మూడు. కాగితం కింద ఒక్క మాట రాశాడు: బఫరింగ్.

ఆరో తరగతి నుంచీ వాడి పేరు అదే. ఫోన్లో వీడియో ఆగిపోయి చక్రం తిరిగినట్టు వాడి మాట ఆగుతుందని.

నిద్ర, తిండి, చచ్చిపోవాలనిపించడం గురించి విడిగా, సూటిగా అడిగాం. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం చాలామంది టీచర్లకు ఉంది. అడగడం వల్ల పుట్టదు. వంశీ లేదన్నాడు. ఉందని చెప్పి ఉంటే అదే రోజు తల్లిదండ్రులను పిలిచి సైకియాట్రిస్టు దగ్గరికి పంపేవాళ్ళం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇంట్లో రాసిపెట్టించేవాళ్ళం.

ఇది వేధింపు అవునా కాదా అన్న దగ్గర ప్రిన్సిపాల్ అభ్యంతరం న్యాయంగానే అనిపించింది: ‘వంశీ తేజ కంటే తల ఎత్తు. వాడు బాధితుడెలా అవుతాడు?’ నార్వే మనస్తత్వవేత్త డాన్ ఒల్వేయస్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్ళీమళ్ళీ చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా. బలం అంటే కండబలం అనుకుంటే ఈ కేసు అర్థం కాదు. తరగతి గదిలో బలం మాటది. తేజ నోరు విప్పితే పదిమంది నవ్వుతారు, వంశీ నోరు విప్పినా పదిమంది నవ్వుతారు. తేడా అంతా ఆ నవ్వులో ఉంది.

పని చేయనివి

మూడు రోజుల సస్పెన్షన్ నష్టమే చేసింది. వంశీని ఎక్కడ నొక్కితే పేలతాడో, పేలితే శిక్ష ఎవరికి పడుతుందో తరగతి మొత్తానికి తెలిసింది.

తర్వాతి తప్పు మాది. తేజను, వంశీని ఒకచోట కూర్చోబెట్టి రాజీ చేయించబోయాం. సమాన బలం ఉన్న ఇద్దరు గొడవపడితే మధ్యవర్తిత్వం చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ వేధింపు జరుగుతున్నదే మాట మీద, మేం పెట్టిన వేదికా మాటదే. పదకొండు నిమిషాలు కూర్చోబెడితే తేజ తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. ‘ఊరికే సరదాకన్నాం సార్, వాడు సీరియస్‌గా తీసుకుంటాడని తెలీదు, సారీ’ అని చేయి చాపాడు. వంశీ చేయి కలిపాడు. ఆ సాయంత్రం బస్సులో ‘బఫరింగ్ కంప్లైంటిచ్చింది’ అని పాటలా పాడారు. వేధింపు అనుమానం ఉన్న కేసులో ఇద్దరినీ ఎదురెదురు కూర్చోబెట్టడం మొదటి అడుగు కాకూడదు.

మూడోది క్లాస్ టీచర్ మంచి మనసుతో చేసింది. వంశీ రాని రోజు చూసి తరగతి మొత్తానికి నత్తి గురించి అరగంట చెప్పింది, ఇకమీదట ఆ పేరు వినిపిస్తే ఊరుకోనంది. పేరు వినిపించడం నిజంగానే ఆగింది. దాని స్థానాన్ని అంతకుముందే ఉన్న ఒక వేలి సైగ తీసుకుంది. వంశీ మాట మొదలుపెట్టగానే వెనక బెంచీల్లో ఎవరో ఒకరు చూపుడువేలును బల్ల మీద గుండ్రంగా, మెల్లగా తిప్పుతారు. శబ్దం లేదు. మాట లేదు. పట్టుకుంటే ‘వేలు తిప్పడం కూడా తప్పా టీచర్?’ అంటారు. వంశీకి తప్ప ఎవరికీ కనిపించనంత చిన్నది. నలుగురికి అర్థమయ్యేంత పెద్దది. కుళాయిల దగ్గర బాటిల్ లేచింది మాట విని కాదు, అప్పటికే వాడుకలో ఉన్న ఆ వేలు చూసే అని తర్వాత తెలిసింది.

లెక్క

సెప్టెంబరు మధ్యలో ఐదు పనిదినాలు కేవలం చూశాం, రాసుకున్నాం. ఏ సమయం, ఎక్కడ, ముందు ఏం జరిగింది, ఏం చేశారు, ఎవరు నవ్వారు, తర్వాత ఏమైంది. క్లాస్ టీచర్, ఇంగ్లిష్ టీచర్, పీఈటీ రాశారు. బస్సు ఆయాకు రాత బరువు పెట్టలేదు. ఇరవై చింతపిక్కలు ఒక సంచిలో ఇచ్చి, జరిగిన ప్రతిసారీ ఒకటి డబ్బాలో వేయమన్నాం.

ఐదు రోజుల్లో 26 సార్లు. బస్సులో 9, హాజరు వేళ 7, ఇంగ్లిష్ పీరియడ్‌లో 5, కుళాయిల దగ్గర 5. అంటే 12 సార్లు టీచర్ గదిలో ఉండగానే జరిగింది. ‘మేం లేనప్పుడే ఏవో చేసుకుంటారు’ అన్న నమ్మకం స్టాఫ్‌రూమ్‌లో ఆ రోజుతో పోయింది. మొత్తం 26లో 22 సార్లు చూసేవాళ్ళు ఉన్నారు.

హాజరు సంగతి ఎవరికీ తట్టలేదు. పిల్లలు ‘ప్రెజెంట్ మేడమ్’ అనాలి. వంశీకి అన్నిటికంటే కష్టమైన అక్షరం ‘ప’. వరసలో ముప్పై మంది అనేసరికి తన వంతు వస్తోందన్న భయం గొంతులో బిగుసుకుంటుంది. ‘ప్... ప్... ప్...’ అంటుంటే వెనక ఇద్దరు వేళ్ళతో లెక్కపెడతారు, ఈ రోజు ఎన్నోసారికి పడిందని. రోజుకు రెండుసార్లు, బడే ఆ పిల్లాడిని లేపి నిలబెట్టి వెక్కిరింతకు సరుకు అందిస్తోంది.

ఇంకోటి కూడా రికార్డులో ఉంది. ఒక టీచర్ నవ్వుతూ ‘ఏరా బఫరింగ్, హోంవర్క్ లోడయిందా?’ అన్నారు. ఆయనకు దురుద్దేశం లేదు, కానీ ఆ ఒక్క మాటతో ఆ పేరుకు బడి ముద్ర పడింది. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది, ప్రైవేటు బడికీ అది వర్తిస్తుంది. ఆయనతో ప్రిన్సిపాల్ ఒంటరిగా మాట్లాడారు.

ఎవరు ఎక్కడ నిలబడ్డారు

ఫిన్లండ్ పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి వేధింపులో పిల్లలు పోషించే పాత్రలను విడదీసి చూపింది: చేసేవాడు, తోడుండేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, పక్కకు తప్పుకునేవాళ్ళు, అడ్డుకునేవాళ్ళు. మేం ప్రతి పిల్లాడినీ చీటీ మీద రెండు ప్రశ్నలే అడిగాం: బస్సులో ఎవరి పక్కన కూర్చోవడం ఇష్టం, నీకు బాగోలేనప్పుడు ఎవరికి చెబుతావు. ‘ఎవరంటే ఇష్టం లేదు?’ అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే చీటీ ఇచ్చి బయటికొచ్చాక ‘నువ్వెవరి పేరు రాశావు?’ అన్న వేట మొదలవుతుంది.

చీటీలు, రికార్డు కలిపి చూస్తే బొమ్మ తేలింది. నడిపేది తేజ. తోడు ఇద్దరు. నవ్వేవాళ్ళు ఏడుగురు. ఈ ఏడుగురిలో ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చాలామంది చీటీల్లో ‘బాగోలేనప్పుడు చెప్పుకునేవాళ్ళు’గా ఉన్నారు. ఈ కేసుకు తాళంచెవి ఆ ఇద్దరని అప్పుడనిపించింది. 2001లో టొరంటో బడుల ఆటస్థలాల వీడియోలు చూసిన పరిశోధకులు తోటిపిల్లలు అడ్డుపడింది ఐదింట ఒక్కసారేనని, అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిందని చెప్పారు. టీచర్ పది సెకన్లలో చేరుకోలేని చోట్లే ఇవి జరుగుతాయి.

పని చేసినవి

హాజరును దసరా సెలవుల ముందే మార్చాం. వంశీకి ఒక్కడికే మినహాయింపు ఇస్తే అదే ఇంకో ముద్ర అవుతుంది కాబట్టి సెక్షన్ మొత్తానికీ మార్చాం: టీచర్ పేరు పిలిచి మొహం చూస్తుంది, పిల్లలు చేయి ఎత్తుతారు. హాజరు నాలుగు నిమిషాల నుంచి రెండు నిమిషాలకు తగ్గిందని మిగతా సెక్షన్ల టీచర్లూ అదే పాటించారు. ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు లేచి చదవడం ఆపి, ఇద్దరిద్దరు కలిసి గొంతు కలిపి చదివేలా పెట్టాం. నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి ఇంకొకరితో కలిసి చదివితే మాట తడబడదు. వంశీ గొంతు తడబడకుండా సాగడం చాలామంది ఆ గదిలో మొదటిసారి విన్నారు.

బస్సులో ఆయా సీటు డ్రైవర్ వెనక ఉండేది. దాన్ని వెనక నుంచి మూడో వరసకు మార్చి, సీట్లు దిగే స్టాపుల వారీగా వేశాం. తేజ రెండో స్టాపులో దిగుతాడు కాబట్టి ముందుకు వచ్చాడు. శిక్షగా కాకుండా స్టాపు లెక్కతో మార్చడం వల్ల వాదనకు చోటు లేదు.

విడివిడి మాటలు దసరా తర్వాత మొదటి రోజే పెట్టాం. సెలవులకు ముందు మాట్లాడితే వారానికి ఫాలోఅప్ ఉండదు, పదిరోజులు పిల్లలు ఫోన్లలో తమలో తామే ఒక కథ అల్లుకుంటారు. స్వీడన్‌కు చెందిన అనటోల్ పికాస్ పద్ధతి ఇక్కడ సరిపోయింది. తేజతో మొదలుపెట్టి, తోడున్న ఇద్దరు, తర్వాత నవ్వేవాళ్ళు. ఒకరు బయటికొచ్చి ఇంకొకరికి చెప్పే వ్యవధి లేకుండా ఒకే పూటలో, ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు. ‘నువ్వు చేశావా?’ అని అడగం. అడిగితే పిల్లాడి తెలివంతా కాదని నిరూపించడానికే పోతుంది. అడిగింది ఇది: ‘వంశీ కొన్నాళ్ళుగా బడిలో బాగా లేడు. నువ్వేం చూశావు?’ అది ఒప్పుకున్నాక: ‘ఈ వారం నువ్వేం చేయగలవు?’ జవాబు చిన్నదైనా వాడి నోటి నుంచే రావాలి. ‘మంచిగా ఉంటాను’ అంటే ఒప్పుకోలేదు. అది కంటికి కనిపించే పని కాదు. ‘వేలు తిప్పితే నేను నవ్వను’ అన్నది ఒక అమ్మాయి. అది పని. చీటీల్లో ఎక్కువగా కనిపించిన అబ్బాయి ‘కుళాయి దగ్గర వాడి పక్కన నిలబడతా’ అన్నాడు. వారం తర్వాత మళ్ళీ ఒక్కొక్కరినీ పిలిచి చేశారా లేదా అడిగాం.

తేజ విషయంలో ఇది చాలదు. తేజ మిమిక్రీ చేస్తాడు. టీచర్లందరి గొంతులూ దించేస్తాడు, వార్షికోత్సవంలో చప్పట్లు వాడివే. నేరెళ్ళ వేణుమాధవ్ పుట్టిన నేల మీద ధ్వన్యనుకరణ తక్కువ విద్య కాదు. ఆ విద్యను ఆపమనలేదు. కానీ తోటి విద్యార్థి మాటను, నడకను, రూపాన్ని అనుకరించకూడదని గీత గీసి, తల్లిదండ్రుల ముందు రాయించాం. గీత దాటితే వార్షికోత్సవంలో స్టేజీ ఉండదు. వాడికి పోగొట్టుకోవడానికి అంతకంటే పెద్దది లేదు. వాడి ఇంట్లో కష్టాలేమిటో కూడా కనుక్కున్నాం. కారణం తెలుసుకోవడం వేరు, మినహాయింపు ఇవ్వడం వేరు. ఆ రెండూ కలిపేసి ‘పాపం వాడి పరిస్థితి’ అని వదిలేసిన కేసులు మళ్ళీ తిరిగొస్తాయి.

వంశీతో మూడు పనులు. కొట్టినందుకు బాధ్యత వాడిదేనని దాచకుండా చెప్పాం. వేలు కనిపించినప్పుడు చేయాల్సింది ముందే సాధన చేయించాం: మొహం తిప్పి, ఒక అడుగు పక్కకు వేసి, పక్కవాడిని ‘నడు’ అనడం. ‘న’ వాడికి తేలిక, అందుకే ఆ మాట ఎంచుకున్నాం. మూడోది, నత్తి గురించి ఎవరికి చెప్పాలో, చెప్పాలో వద్దో వాడిదే నిర్ణయం. తరగతి మొత్తానికి చెప్పనన్నాడు. క్రికెట్ జట్టులో నలుగురికి చెప్పాడు. ‘నాకు నత్తి ఉంది. మాట పూర్తయ్యేదాకా ఆగండి.’ ఆ రెండు వాక్యాలు థెరపిస్టు దగ్గర మూడు వారాలు సాధన చేశాడు.

నవంబరులో వెనక్కి

ఐదో వారం దాకా లెక్క వారానికి ఆరుకు దిగింది. అప్పుడు వాట్సాప్‌లో స్టిక్కర్ వచ్చింది. వంశీ ఫొటో, నోటి మీద తిరిగే చక్రం. హోంవర్క్ కోసం తల్లులు పెట్టుకున్న గ్రూపులో, ఒక తల్లి ఫోన్ నుంచి పిల్లాడు పెట్టాడు. చూసిన టీచర్ ఒకరు కంగారులో దాన్ని స్టాఫ్ గ్రూపులో ఫార్వర్డ్ చేశారు. ఆధారం చూపించాలనే అలా చేసినా, స్టిక్కర్ ఇంకో ఇరవై ఫోన్లకు చేరింది.

ఇలాంటప్పుడు తేదీ, సమయం కనిపించేలా ఒక్క స్క్రీన్‌షాట్, ఒక్క పెద్దమనిషి ఫోన్లో ఉంటే చాలు. గ్రూపు అడ్మిన్ తల్లితో మాట్లాడి తీయించాం. గ్రూపులో తీసినా ఒకసారి సేవ్ చేసుకున్న స్టిక్కర్ ఆ ఫోన్లలో ఉంటుంది కాబట్టి, అలా సేవ్ చేసుకున్న ఏడుగురి తల్లిదండ్రులకు విడిగా ఫోన్ చేసి, ఫేవరెట్స్‌లోంచి తీసేసి ‘తీశాం’ అని జవాబివ్వమన్నాం. ఐదుగురు అదే రోజు, ఇద్దరు మూడు రోజులకు. స్టిక్కర్ చేసింది తేజ కాదు, తోడున్న ఇద్దరిలో ఒకడు. తేజ వెనక్కి తగ్గాక ఖాళీ అయిన చోటికి వాడు వచ్చాడు. నడిపేవాడిని పక్కకు పెట్టగానే పని అయిపోయిందనుకుని ఆ ఇద్దరి ఫాలోఅప్‌ను రెండు వారాలు వదిలేశాం. ఆ సందులోంచే ఇది వచ్చింది.

స్టిక్కర్ వచ్చిన రాత్రి గ్రూపులో మొదటి జవాబు పెట్టింది ‘నేను నవ్వను’ అన్న అమ్మాయి, వాళ్ళమ్మ ఫోన్ నుంచి: ‘ఇది బాగోలేదు, తీసెయ్.’ దాని కింద ఇంకో ముగ్గురు అదే రాశారు. మర్నాడు వంశీ బడికి వచ్చాడు.

ఫిబ్రవరి నాటికి

చివరి లెక్క ఐదు రోజుల్లో 3, మూడూ బస్సులో. దసరా తర్వాత మానేసిన రోజులు 2, రెండూ జ్వరం. కొట్టడం మళ్ళీ జరగలేదు. నత్తి దాదాపు అలాగే ఉంది. ఆ నత్తి తగ్గడాన్ని ఈ కేసులో విజయానికి కొలతగా పెట్టుకోలేదు. పెట్టుకుంటే తప్పు పిల్లాడి నాలుకదని బడీ ఒప్పుకున్నట్టే. ఒంటరిగా లేచి చదవడం ఇప్పటికీ ఇష్టపడడు, ఎవరూ బలవంతం చేయడం లేదు. తేజ, వంశీ స్నేహితులు కాలేదు. కావాలని మేమూ కోరలేదు.

జూన్‌లో ఎనిమిదో తరగతికి సెక్షన్లు కలిపి మళ్ళీ విడదీస్తారు. అందుకని ఏప్రిల్‌లో ఒక పేజీ రాసి కొత్త క్లాస్ టీచర్‌కు ఇచ్చాం. అందులో నత్తి చరిత్ర లేదు, బాటిల్ గొడవ లేదు. హాజరు చేయి ఎత్తి. చదవడం జంటగా. స్టిక్కర్ చేసిన పిల్లాడు, వంశీ వేర్వేరు సెక్షన్లలో. కుళాయి పక్కన నిలబడే అబ్బాయి వంశీ సెక్షన్‌లోనే. బస్సులో ఆయా సీటు వెనక నుంచి మూడో వరస. డ్రైవర్ మారినా, బస్సు మారినా అదే.

జూన్ రెండో వారంలో బస్సు మారింది. ఆయా తన సంచి తెచ్చి మళ్ళీ మూడో వరసలోనే పెట్టుకుంది. అందులో చింతపిక్కలు ఇంకా ఉన్నాయి.